పదకొండేళ్ల ట్రాక్టరు: స్టార్ట్ కాని రోజుల్లో నేర్చుకున్నది

మాది పెన్నా డెల్టా, కోవూరు వైపు పల్లె. 2014లో మూడు సిలిండర్ల 45 హెచ్‌పీ బండి కొన్నాను. మీటరు ఇప్పుడు 7,200 గంటలు చూపిస్తోంది. దమ్ము, రోటవేటరు, వడ్ల ట్రక్కు, ఎండాకాలంలో టంగుటూరు వైపు పొగాకు చేలల్లో దుక్కి, అన్నీ దీంతోనే. లాగుడు బాగుంది, హైడ్రాలిక్ బాగుంది, గేరుబాక్సు ఇంతవరకు విప్పలేదు, క్లచ్ ప్లేటు రెండుసార్లు మార్చాను. వాటి గురించి అంతకంటే చెప్పేదేమీ లేదు. ఈ బండి నన్ను ఏడిపించిందంటే అది పొద్దున్నే తాళం తిప్పినప్పుడే. అందుకే ఆ ఒక్క సంగతీ వివరంగా రాస్తున్నాను. ఇంజిన్‌కు డీజిల్ తోసే పాత రకం పంపు ఉన్న ఏ డీజిల్ బండికైనా ఇది పనికొస్తుంది. కొత్తగా వస్తున్న సెన్సార్ల బండ్లకు మాత్రం వర్తించదు.

2019 కార్తీకం. నారు ముదిరిపోతోంది, కాలువలో మా వంతు నీళ్లు వచ్చాయి, బురదలో దిగే ఇనప చక్రాలు, కేజీవీల్స్, బిగించి ఉన్నాయి. సెల్ఫ్ (స్టార్ట్ చేసే మోటారు) గిర్రున తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. కబురు పెడితే మెకానిక్ వచ్చి, రెండుసార్లు సెల్ఫ్ కొట్టి చూసి, "పంపు పోయిందన్నా, విప్పి టౌనుకు పంపాల్సిందే, 18 వేలు అవుద్ది" అన్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పంపు టౌనుకు పోతే నాలుగు రోజులు, అప్పటికి నీళ్ల వంతు దాటిపోతుంది. పక్క చేను పెద్దాయన గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఇరవై ఏళ్లు ట్రాక్టరు తోలిన మనిషి. "అబ్బయ్యా, గొట్టంలో పొగ వచ్చిందా?" అని అడిగాడు. రాలేదన్నాను. "పొగే లేనప్పుడు లోపలికి డీజిల్ పోవడం లేదని గదా. పంపు జోలికెందుకు, ట్యాంకు కాడి నుంచి చూసుకుంటా రా" అన్నాడు.

ఆ మాటే నాకు దారి చూపించింది. డీజిల్ ఫిల్టరు మీద చిన్న ఎయిర్ స్క్రూ ఉంటుంది. దాన్ని స్పానరుతో రెండు చుట్లు వదులు చేసి, పంపు పక్కన చేత్తో డీజిల్ తోసే ప్రైమరు కొట్టాం. డీజిల్ బదులు తెల్లటి నురగ బుసబుసమని వచ్చింది. ముప్పై, నలభై సార్లు కొట్టాక బుడగలు సన్నబడి, చివరికి నూనె ధారలా శుభ్రంగా కారింది. అలా కారుతుండగానే స్క్రూ బిగించాలి, కొట్టడం ఆపాక బిగిస్తే మళ్లీ గాలి దూరుతుంది. తర్వాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు పోయే రెండు పైపుల నట్లు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొట్టాం. అక్కడ డీజిల్ చిమ్మడం మొదలైనాక బిగించేశాం. బండి అందుకుంది. ఆ నట్ల దగ్గర వేలు అడ్డం పెట్టి మాత్రం చూడొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. ఒళ్లు కోయాల్సినంత ప్రమాదం అది.

మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. ఎయిర్ తీశాం సరే, గాలి ఎక్కడి నుంచి వస్తోందో చూడలేదు. ట్యాంకు కింద కుళాయి విప్పితే జాలీకి నల్లటి మడ్డి పట్టి, డీజిల్ దారంలా వస్తోంది. అది చాలక పంపు గట్టిగా లాగేసరికి ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు బోల్టు కింద అరిగిపోయిన రాగి వాషరు దగ్గర గాలి పీలుస్తోంది. బయటికి ఒక్క చుక్క కారకపోవడంతో మా కంట పడలేదు. జాలీ కడిగి, రెండు వాషర్లు మార్చాం. 18 వేలన్న రిపేరు 20 రూపాయలతో తేలింది. అలాంటి బోల్టు విప్పిన ప్రతిసారీ కొత్త వాషరు వేయించండి, పాతదే తిప్పి వేస్తే ఒప్పుకోకండి.

సెల్ఫే తిరగకుండా 'టక్' మని ఆగితే వేరే దారి. నా బండిలో పదిసార్లలో ఏడుసార్లు బ్యాటరీ తీగలే. టెర్మినల్ మీద ఉప్పు పూసినట్టు తెల్లగా ఉంటే వేడినీళ్లు పోసి బ్రష్షుతో రుద్ది, ఆరాక గ్రీజు రాయాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి. రాత్రంతా ఊరికే ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ఛార్జింగ్ లేదనో బ్యాటరీ పనైపోయిందనో అర్థం. కొన్నప్పటి నుంచీ ఈ బండిలో నాకు నచ్చనిది బ్యాటరీ నుంచి చాసిస్‌కు పోయే ఎర్తు తీగ. చాసిస్ మీద పెయింటు గీకకుండానే బిగించి ఇచ్చారు. బురద పని చేసే బండికి అది తప్పు. నేనే గీకి, లావు తీగ వేసుకున్నాను.

2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకు షెడ్డులోకి నీళ్లొచ్చి సెల్ఫ్ మోటారు తడిసింది. విప్పి, ఆరబెట్టి, బ్రష్‌లు మార్చాక గానీ తిరగలేదు. అదే వారం గొట్టంలో తెల్ల పొగ వస్తూ ఇంజిన్ మాత్రం అందుకోలేదు. తెల్ల పొగ అంటే డీజిల్ వస్తోంది, మండడం లేదని. ఫిల్టరు గిన్నె అడుగు స్క్రూ విప్పితే పావు గ్లాసు నీళ్లు దిగాయి. వానాకాలంలో సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెడుతున్నాను, ఖాళీ ట్యాంకులో చెమ్మ పట్టి నీరవుతుంది.

చిన్నవి రెండున్నాయి. దమ్ము బురద పట్టి ఇంజిన్ ఆపే స్టాపర్ తీగ సగంలో ఇరుక్కుంటే బండి చచ్చినా స్టార్ట్ కాదు. ముందు అది పూర్తిగా లోపలికి పోయిందో లేదో చూడండి. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరగనిచ్చే సేఫ్టీ స్విచ్ క్లచ్ కింద ఉంటుంది, అది బురదతో పనిచేయకపోతే కడిగించండి, అంతేగానీ కింద నిలబడి సెల్ఫ్ మోటారు బోల్టులకు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేయొద్దు. గేరులో ఉంటే బండి మనిషి మీదికే దూకుతుంది. ఎంత తొందరున్నా ఆ పని చేయొద్దని మా పిల్లలతో ఒట్టు వేయించుకున్నాను.

సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టను, మధ్యలో ఒక నిమిషమైనా ఆగుతాను. ఈ నియమం పెట్టుకున్నాక బ్యాటరీ నాలుగేళ్లు వచ్చింది, అంతకు ముందు రెండేళ్లే వచ్చేది.

ఇదే బండి మళ్లీ కొంటానా అంటే కొంటాను, ఎర్తు తీగ మార్పించుకుని. ఈ మధ్య స్టార్ట్ అవగానే అర నిమిషం ఒక సిలిండరు తడబడుతోంది. ఎడగారు (రెండో పంట) దమ్ములు మొదలయ్యేలోపు నాజిళ్లు టెస్టుకు ఇవ్వాలి.