జిమ్నీకి ఏం వేయించాలి, ఏం వద్దు: నల్గొండ నేలల మీద వాడి చూసిన రివ్యూ

ముందే చెప్పేస్తాను. మీది మారుతీ జిమ్నీ అయి, మీరు తిరిగేది మన నల్గొండ, దేవరకొండ, అచ్చంపేట, పాలమూరు వైపు అయితే మొదటి డబ్బు టైర్లకు పెట్టండి, రెండోది కింద గార్డులకు. ఇంకా మిగిలితే చిన్న లిఫ్ట్, అంటే స్ప్రింగులు మార్చి బాడీని కాస్త పైకి లేపడం. షాపుల్లో వరసగా పేర్చి చూపించే మిగతా సామానులో చాలావరకు ఈ చిన్న బండికి అనవసరమైన బరువు. నాది మాన్యువల్ గేర్ల బండి, బత్తాయి తోటకు, పొలానికి రోజూ పోతుంది, తీరిక దొరికితే రాచకొండ గుట్టల వైపు, నేరేడుగొమ్ము దాటి వైజాగ్ కాలనీ దగ్గర సాగర్ బ్యాక్‌వాటర్ వైపు పోతుంది. చెలక, రేగడి, ఇసుక వాగు, బండలు అన్నీ ఒకే జిల్లాలో ఉన్న చోట ఏది పనికొచ్చిందో అదే రాస్తున్నాను.

కంపెనీ నుంచి వచ్చినప్పుడే ఈ బండిలో ఏముందో తెలుసుకోకుండా మార్పులు మొదలుపెడితే డబ్బంతా వృథా. 2023 జూన్‌లో మన దగ్గర అమ్మకానికి వచ్చిన ఈ ఐదు డోర్ల జిమ్నీకి నిచ్చెన లాంటి ల్యాడర్ ఛాసిస్ ఉంది, ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లు (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు, లివర్‌తో వేసే 4ఎల్ (నాలుగు చక్రాలకూ బలమిచ్చే నెమ్మది గేర్) ఉన్నాయి. గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. ముందు బంపర్ 36 డిగ్రీల ఎక్కుడు వరకు తగలదు, వెనక బంపర్ అయితే 50 డిగ్రీల వరకు తగలదు. ఇబ్బంది అంతా మధ్యలోనే, వీల్‌బేస్ 2590 మిల్లీమీటర్లు కాబట్టి కడుపు కింద కోణం 24 డిగ్రీలే, బయటి దేశాల్లో అమ్మే మూడు డోర్ల జిమ్నీకి అది 28. చెరువు కట్ట ఎక్కి అవతలికి దిగేటప్పుడు, కాలువ గట్టు దాటేటప్పుడు మన బండి మధ్యలో గీరుకునేది అందుకే.

ఇంకొకటి, ఒక చక్రం పైకి లేచి ఊరికే తిరుగుతుంటే దానికి మాత్రమే బ్రేక్ పట్టి, బలాన్ని అవతలి చక్రానికి పంపే ఏర్పాటు ఇందులో కంపెనీదే ఉంది. 4ఎల్ వేసి యాక్సిలరేటర్‌ను నిలకడగా తొక్కి పట్టుకుంటే టకటకమని చప్పుడు చేస్తూ మెల్లగా పట్టు దొరుకుతుంది. చాలామంది ఆ చప్పుడుకే టెన్షన్ పడి కాలు తీసేస్తారు, బండి అక్కడే ఆగిపోతుంది, ఇంటికొచ్చి డిఫరెన్షియల్ లాకర్ (యాక్సిల్ రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించే పరికరం) ధర ఎంత అని వెతుకుతారు. మన దారులకు లాకర్ అక్కర్లేదని గట్టిగా చెప్తాను, ఆ ఖర్చుకు ముందు కాలు నిలకడ నేర్చుకోవాలి.

ఇక టైర్లు. కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15, రోడ్డు కోసం చేసిన హెచ్/టీ రకం. హైవే మీద హాయిగా ఉంటాయి, చెలక దారిలో ఎండాకాలం కూడా పర్వాలేదు, కానీ ఒక్క వాన పడి, నాట్ల టైమ్‌లో కేజ్‌వీల్స్ కట్టిన ట్రాక్టర్లు బాటను దున్నేశాక వాటి గాళ్లన్నీ బురదతో నిండిపోయి నున్నగా అయిపోతాయి. నేను వేయించింది 215/75 ఆర్15 సైజులో ఏ/టీ రకం, అంటే రోడ్డుకూ మట్టికీ రెండింటికీ పనికొచ్చేది. ఈ సైజు ఎందుకంటే లెక్క చాలా సింపుల్: కంపెనీ టైరు ఎత్తు 693 మిల్లీమీటర్లు, ఇది 703 చిల్లర. తేడా పది మిల్లీమీటర్లే కాబట్టి ఎక్కడా రుద్దుకోదు, స్పీడోమీటర్ లెక్క ఒకటిన్నర శాతం మాత్రమే తప్పుతుంది. 235/75 వేయించమని చాలామంది ఎగదోస్తారు. దాని ఎత్తు 733, అంటే దాదాపు ఆరు శాతం పెద్దది, మీటర్ 100 చూపిస్తుంటే మీరు నిజంగా 106లో పోతుంటారు. అంతకంటే ముఖ్యం, ఈ ఇంజన్ 1.5 లీటర్ పెట్రోల్, 103 హార్స్ పవర్, 134 న్యూటన్ మీటర్ల టార్క్. పెద్ద బరువైన టైరు వేసినకొద్దీ గేర్లన్నీ ఒక మెట్టు మందగిస్తాయి, దేవరకొండ ఎక్కుళ్లలో మూడో గేర్‌లో పోయే చోట రెండోది వేయాల్సి వస్తుంది, మైలేజీ కూడా పడిపోతుంది.

పూర్తి మట్టి టైర్లు, అదే ఎమ్/టీ రకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రేగడి నేలల వాళ్లు ఎక్కువగా అడిగేది దీని గురించే. నల్లరేగడిలో వాటి పనితనం నిజంగా వేరే లెవెల్, గాళ్లు వెడల్పుగా ఉండి చక్రం తిరిగేకొద్దీ బురదను విసిరేస్తాయి. కానీ అదే టైర్లతో తడి తారు రోడ్డు మీద బ్రేక్ కొడితే ఆగే దూరం పెరుగుతుంది, నార్కెట్‌పల్లి నుంచి హైదరాబాద్ దాకా విజయవాడ హైవే మీద ఆ హోరు వింటూ పోవాలి. వానాకాలం రోజూ రేగడిలోనే పని ఉన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు నేను చెప్పను. వాన పడుతున్నప్పుడు రేగడిలో ఏ టైరైనా దిగబడుతుంది, ఒక పూట ఎండ కాసేదాకా ఆగితే ఏ/టీతోనే బయటపడొచ్చు.

మన దగ్గర టైరుకు అసలు శత్రువు ముల్లు. సర్కారు తుమ్మ లేని దారి మన జిల్లాలో ఏది? ట్రెడ్‌లో దిగిన ముల్లుకు ట్యూబ్‌లెస్ ప్లగ్ వేసుకుని పోవచ్చు, సైడ్‌వాల్‌లో దిగితే మాత్రం ప్లగ్ పనికిరాదు, ఆ టైరు పక్కన పెట్టాల్సిందే. అందుకే కొనేటప్పుడు ట్రెడ్ డిజైన్ కంటే సైడ్‌వాల్ గట్టిదనాన్ని చూడండి. అయితే అందులోనూ ఒక హద్దు ఉంది. లారీల కోసం చేసినంత మందపు ప్లైల (లోపలి పొరల) ఎల్‌టీ టైరును సుమారు 1200 కిలోల బండికి వేస్తే అది వంగనే వంగదు, ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. మధ్యస్థంగా ఉన్నది తీసుకుంటే చాలు. ఐదో టైరు కూడా అదే సైజుది వేయించండి, స్టెప్నీకి పాతదే ఉంచి, ఫోర్ వీల్ వేసుకుని పోతే ఒక్కో చక్రం ఒక్కో ఎత్తు అయి ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడుతుంది.

ఈ మొత్తం వ్యవహారంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది గాలి దించడం. దీన్ని ఎవరూ అమ్మరు కాబట్టి ఎవరూ చెప్పరు. వాగులో ఇసుక మీదికి దిగేముందు 18 పీఎస్ఐ దాకా దించితే టైరు కింద పరుచుకుని బండి తేలినట్టు పోతుంది, అదే బండి నిండు గాలితో ఉంటే యాక్సిల్ దాకా కూరుకుపోతుంది. బండల మీద కూడా అంతే, మెత్తటి టైరు రాయిని పట్టుకుంటుంది. పని అయ్యాక తారు రోడ్డు ఎక్కకముందే డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత గాలి మళ్లీ నింపాలి, ఎందుకంటే తక్కువ గాలితో స్పీడుగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. అందుకే సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టేది కాకుండా, నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టే కంప్రెసర్ ఒకటి, నమ్మకమైన గేజ్ ఒకటి కొనండి.

లిఫ్ట్ కిట్ గురించి బాగా గందరగోళం ఉంది. జిప్సీ రోజుల నుంచి వచ్చిన మాటలు జిమ్నీకి కూడా అంటగడుతున్నారు. 1985లో వచ్చిన జిప్సీకి కమాన్ పట్టీలు, వాటిని ఛాసిస్‌కు తగిలించే షాకిల్ మార్చి లేపేవాళ్లు. జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు, పద్ధతి పూర్తిగా వేరు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: రిజిడ్ యాక్సిల్ బండిలో లిఫ్ట్ వేస్తే పైన బాడీ లేస్తుంది, యాక్సిల్ మధ్యలో గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ ఉన్న చోటే ఉంటుంది. బాటలో రెండు గాళ్ల మధ్య మిట్ట ఆ హౌసింగ్‌కు తగులుతుంటే లిఫ్ట్‌తో పోదు, టైరు ఎత్తు పెరిగితేనే పోతుంది, అదీ పెరిగిన ఎత్తులో సగమే. లిఫ్ట్‌తో బాగుపడేది ఆ 24 డిగ్రీల కడుపు కోణం, బంపర్ల కోణాలు. నేను 40 మిల్లీమీటర్లది వేయించాను, కట్టల మీద గీరుకోవడం చాలావరకు పోయింది, హైవే మీద మలుపుల్లో కొంచెం ఊగుతుంది. అంతకు మించి లేపితే ఒకదాని వెనక ఒకటి పనులు పుట్టుకొస్తాయి. స్టీరింగ్‌ను తిన్నగా నిలిపే క్యాస్టర్ కోణం తగ్గి 80 దాటాక స్టీరింగ్ తేలికైపోతుంది, దానికి వేరే బుష్‌లు కావాలి. యాక్సిల్‌ను అడ్డంగా ఛాసిస్‌కు కట్టి ఉంచే ప్యానార్డ్ రాడ్ వల్ల యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది, దానికి సర్దుబాటు రాడ్ కావాలి. బ్రేక్ పైపుల పొడవు చూసుకోవాలి. స్ప్రింగ్ కింద రబ్బరు ముక్క పెట్టి లేపే చవక పద్ధతి వద్దే వద్దు, షాకబ్జర్ పాతదే ఉంటే చక్రం కిందికి జారాల్సిన దూరం తగ్గిపోతుంది.

కింద గార్డులకు మాత్రం ఆలోచించకుండా డబ్బు పెట్టొచ్చు. రాచకొండ, దేవరకొండ వైపు గుండ్ల మధ్య నడిపేవాళ్లకు ఇంజన్ సంప్ (ఆయిల్ ఉండే తొట్టి), ట్రాన్స్‌ఫర్ కేస్ కింద ప్లేట్లు ఉండాలి. తీసుకునేముందు ఆయిల్ దించే చోట రంధ్రం ఉందా, మట్టి కడగడానికి దారి ఉందా చూడండి. ఎండాకాలం తప్పకుండా చూడాల్సింది ఇంకొకటి ఉంది: బోదగడ్డిలో నడిపాక ఎండుగడ్డి ప్లేటుకూ సైలెన్సర్ పైపుకూ మధ్య ఇరుక్కుంటుంది, వేడికి అంటుకునే ప్రమాదం ఉంది, ఆగినప్పుడల్లా వంగి చూసి లాగేయాలి. డోర్ల కింద మెరిసే ఫుట్‌స్టెప్పులు వద్దు, ఉన్న ఎత్తును తినేస్తాయి. అక్కడ వేయాలంటే ఛాసిస్‌కు బిగించే గట్టి పైపులు, అంటే స్లైడర్లు వేయండి, వాటి మీద జాకీ కూడా ఆనించొచ్చు.

స్టీల్ బంపర్, విన్చ్ (దిగబడ్డ బండిని తాడు చుట్టి లాగే మోటారు), పైన క్యారియర్ గురించి నా మాట చాలామందికి నచ్చదు, కానీ లెక్క చూడండి. ఈ బండి మొత్తం బరువు 1545 కిలోలు దాటకూడదు, ఖాళీ బండే సుమారు 1210. మిగిలేది 335 కిలోలు. డెబ్భై కిలోల మనుషులు నలుగురు కూర్చుంటే 280 పోయాయి. ఇక ఉన్న 55 కిలోల్లో బంపర్, విన్చ్, క్యారియర్, నీళ్ల క్యాన్ ఎక్కడ పెడతారు? జిమ్నీ బురదలో తేలేది తేలికగా ఉండబట్టే, ఆ గుణాన్నే డబ్బిచ్చి చంపుకోవద్దు. పైగా క్యారియర్ బరువు పైన ఉంటుంది, గట్టు మీద ఒరిగినప్పుడు అదే పడేస్తుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి పోయేవాళ్లకు సాగే కైనెటిక్ తాడు, తాడును హుక్‌కు కలిపే రెండు సాఫ్ట్ షాకిల్స్, ఒక పార చాలు. ఒంటరిగా అడవి అంచు పొలాలకు పోయేవాళ్లకే విన్చ్ అవసరం, అదీ సింథటిక్ తాడుతో. తాడు తగిలించే హుక్ ఛాసిస్‌కు గట్టిగా బోల్ట్ అయి ఉందా లేదా ముందే చూసుకోండి, ట్రెయిలర్ తగిలించే టౌ బాల్‌కు మాత్రం ఎప్పుడూ తగిలించకండి, అది ఊడితే తుపాకీ గుండులా వస్తుంది.

స్నార్కెల్ కూడా అంతే. అది గాలి పీల్చే చోటును పైకి తెస్తుంది, అంతవరకే. ఆల్టర్నేటర్, వైరింగ్, యాక్సిళ్లు కిందే ఉంటాయి. డిండి వాగులోనో ఊరి ఒర్రెలోనో నీళ్లు పారుతుంటే లోతు కంటే వేగమే ప్రమాదం, తేలికైన బండి త్వరగా కొట్టుకుపోతుంది. అంత ఖర్చుకు బదులు యాక్సిల్ లోపలికి గాలి వచ్చిపోయే బ్రీదర్ పైపులను పైకి పొడిగించండి, చాలా తక్కువలో అవుతుంది. వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుదించుకుని నీళ్లు లాక్కుంటుంది, ఆయిల్ పాలలా మారిందంటే కారణం అదే.

చట్టం సంగతి దాచకుండా చెప్పాలి. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే అంది, అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ముందు గ్రిల్ గార్డులు, బుల్ బార్లు 2017 డిసెంబర్ నుంచే నిషేధం, కాబట్టి వాటి జోలికే పోవద్దు. ఈ టెన్షన్ వద్దనుకునేవాళ్లు కంపెనీ సైజులోనే ఏ/టీ టైర్లు వేసుకుని, లిఫ్ట్ మానేసి, తాడు, కంప్రెసర్‌తో సరిపెట్టుకోండి, మన దారుల్లో నూటికి ఎనభై చోట్లకు అది చాలు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో మాత్రం ఎంత మంచి బండి ఉన్నా దారి వదిలి లోపలికి పోకండి, అక్కడ అటవీ శాఖ వాహనాలు పోయే చోటికి మనకు అనుమతి లేదు.

ఇక పని చేయించే చోటు. నేను ముందు వెళ్లిన ఒక షాపులో లైట్ల కోసం కంపెనీ వైరు కోసి అతికించబోయారు, ఆపి వచ్చేశాను. రిలే, ఫ్యూజ్ వేసి విడి వైరింగ్ చేయలేనివాళ్లు సస్పెన్షన్ ముట్టుకోకూడదు. తర్వాత హైదరాబాద్‌లో వేరే చోట చేయించాను, వాళ్ల పనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. సస్పెన్షన్ ఆర్మ్‌ల బోల్టులను బండిని షాపులో పైకెత్తి ఉంచినప్పుడు బిగించకుండా, కిందికి దించి చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు ఇచ్చారు. గాలిలో బిగిస్తే బుష్‌లు మెలితిరిగి తొందరగా చిరుగుతాయి, ఇది తెలిసినవాళ్లు చాలా తక్కువ. అలైన్‌మెంట్ చేసి ప్రింట్ ఇచ్చారు, ముందు భాగం లేచింది కాబట్టి హెడ్‌లైట్లు కూడా కిందికి సర్దారు. అర మార్కు తగ్గించింది చెప్పిన రోజుకు బండి ఇవ్వనందుకు. మీరు ఎక్కడికి పోయినా, 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ బిగించి ఇస్తారా, తీసిన స్ప్రింగులు, షాకబ్జర్లు చేతికి తిరిగి ఇస్తారా అని అడ్వాన్స్ కట్టకముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి.