ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ క్యాంపర్ కొన్నాం: కాటా వేయించకుండా బయానా ఇవ్వకండి

బెజవాడలో సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేవాళ్ళు సందుకొకరు దొరుకుతారు గానీ ఎక్స్‌పెడిషన్ క్యాంపర్లు చూసిపెట్టేవాళ్ళు, అమ్మిపెట్టేవాళ్ళు దాదాపు లేరండి. ఎక్స్‌పెడిషన్ క్యాంపర్ అంటే ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ పవర్ వెళ్ళే) పికప్ మీదో చిన్న లారీ చాసిస్ మీదో పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, సోలార్ అన్నీ పెట్టి కట్టిన బండి, రోడ్డు సరిగ్గా లేని చోటికి కూడా వెళ్ళి నాలుగు రోజులు ఎవర్నీ ఏమీ అడక్కుండా ఉండగలగాలి, అదీ దాని లెక్క. ఆటోనగర్‌లో బస్సులకి, లారీలకి బాడీలు కట్టే ఒక షెడ్డు వాళ్ళు ఈ మధ్య ఈ పని కూడా చేస్తున్నారు. మనం ఎక్కడో చూసుకున్న బండిని ఫీజు తీసుకుని వచ్చి చెక్ చేస్తారు, వాళ్ళ దగ్గర పెట్టిన బండిని కమిషన్ మీద అమ్మిపెడతారు. పేరు రాయొద్దని వాళ్ళే అన్నారు, ఉన్నది నలుగురు పనివాళ్ళు, ఫోన్లు ఎక్కువైతే పని ఆగిపోతుందట, అందుకే రాయట్లేదు. నా రేటింగ్ 5కి 4, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

ముందు ఒక మాట. యూట్యూబ్‌లో చూసే అమెరికా ఎర్త్‌రోమర్లు (ఫోర్డ్ ఎఫ్-550 మీద కడతారు), యూరప్‌లో యూనిమాగ్ (మెర్సిడెస్ వాళ్ళ ఫోర్ బై ఫోర్ ట్రక్కు) మీద, మ్యాన్ ట్రక్కుల మీద కట్టే బండ్లు చూసి అవి సెకండ్ హ్యాండ్‌లో తెప్పించుకుందాం అనుకునేవాళ్ళు ఉన్నారు, నన్ను కూడా అడిగారు. కుదరదండి. 3 ఏళ్ళు దాటిన పాత బండి మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి, అవన్నీ సరిపోయినా పడే డ్యూటీ బండి రేటుని మించిపోతుంది. ఫారినర్లు కార్నెట్ (డ్యూటీ కట్టకుండా కొన్నాళ్ళకి బండి తెచ్చుకునే కాగితం) మీద వేసుకొచ్చే బండ్లు ఇక్కడ తిరిగి మళ్ళీ దేశం దాటి పోవాల్సిందే, ఎంత చవగ్గా ఇస్తానన్నా కొనకూడదు. అంచేత మనకి దొరికేవి ఇక్కడ కట్టినవే, ఎక్కువగా ఇసుజు వీ-క్రాస్, ఫోర్స్ ట్రావెలర్, అక్కడక్కడా హైలక్స్, ఐషర్ మీద కట్టినవి. వీ-క్రాస్ అయితే మన శ్రీసిటీలో తయారయ్యేదే, పార్టులకి పెద్ద ఇబ్బంది ఉండదని నేను దాని మీదే మనసు పెట్టుకున్నాను.

మొదట చూసింది గుంటూరులో ఉన్న బండి. వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్, వెనక తొట్టి తీసేసి గట్టి గోడల బాక్స్ కట్టించారు, లోపల టేకు ఫినిషింగ్, బాత్రూము, షవరు, 150 లీటర్ల నీళ్ళ ట్యాంకు, రెండు ట్యూబులర్ బ్యాటరీలు, మైక్రోవేవ్, సీలింగ్ అంతా లైట్లు. మా ఆవిడ చూసి ఇంతకన్నా ఏం కావాలండీ అంది, నిజమే, చూడ్డానికి మా హాలు కన్నా బాగుంది. షెడ్డు పెద్ద మేస్త్రి గారు మాతో బెజవాడ నుంచి వచ్చారు, ఆయన లోపలికి కూడా ఎక్కలేదు, చుట్టూ ఒకసారి తిరిగి వెనక చక్రాల దగ్గర కూర్చుని కమాన్ కట్టలు చూసి "బాబూ, ముందు కాటాకి పదండి, మిగతాది తర్వాత చూద్దాం" అన్నారు. బండి ఓనరుకి నచ్చలేదు, కాటా ఎందుకండీ ఇదేమన్నా మిరపకాయల లారీయా అన్నాడు. గుంటూరులో మిర్చి యార్డు వైపు కాటాలకి కొదవ లేదు కదా, లారీల మధ్యన లైన్లో పెట్టి తూకం వేయించాం.

అసలు విషయం ఇక్కడే ఉంది, కొంచెం వివరంగా చెప్తాను. వీ-క్రాస్ లాంటి లైఫ్‌స్టైల్ పికప్‌కి కంపెనీ ఇచ్చిన పేలోడు, అంటే మొయ్యగలిగే బరువు, కొన్ని వందల కేజీలే. అదే ఇసుజు డీ-మ్యాక్స్ సరుకు బండి అయితే టన్ను పైన మోస్తుంది, కానీ దానికి ఫోర్ బై ఫోర్ లేదు. అంటే ఎక్కడికైనా ఎక్కే బండి బరువు మొయ్యదు, బరువు మోసే బండి ఎక్కడికి పడితే అక్కడికి ఎక్కదు. ఈ మాట అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు. 150 లీటర్ల నీళ్ళంటేనే 150 కేజీలు, పెద్ద ట్యూబులర్ బ్యాటరీ ఒక్కోటి 50 కేజీల పైనే, ఆ తర్వాత ప్లైవుడ్డు, టేకు, గ్యాస్ బండ, నలుగురు మనుషులు. మేస్త్రి గారు ముందు బండి మొత్తం తూచారు, తర్వాత ముందు చక్రాలు కాటా దిగేలా పెట్టి వెనక ఇరుసు మీద బరువు ఎంతో విడిగా తూచారు. నీళ్ళ ట్యాంకు ఖాళీగా ఉండగానే ఆర్సీలో రాసిన గ్రాస్ వెయిట్ (బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఉండొచ్చిన బరువు) దాటేసింది, అదీ అయిదో పదో కేజీలు కాదు. ఇంక నీళ్ళు పోసి నలుగురం ఎక్కితే శ్రీశైలం ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకులు, టైర్లు, ఆ కమాన్లు ఏమవుతాయో మీరే ఆలోచించండి. ఎక్స్‌ట్రా కమాన్ పట్టీలు వేయించాం సార్ అని ఓనరు అంటూనే ఉన్నాడు. పట్టీ వేస్తే బండి వెనక లేస్తుంది అంతే గానీ చాసిస్‌కి, ఇరుసుకి, బ్రేకులకి కొత్త బలం రాదు కదా. చాసిస్ కింద పడుకుని చూస్తే క్యాబిన్ వెనక, బాక్స్ మొదలయ్యే చోట పాత వెల్డింగు మీద కొత్త పెయింటు కనపడింది. పికప్‌ల మీద వెనక బరువు వేలాడితే వంగేది, చీలేది సరిగ్గా ఆ చోటే.

అక్కడితో వదిలేసి వచ్చేయొచ్చు, కానీ మేస్త్రి గారు ఫీజు తీసుకున్నాక పూర్తిగా చూపించాలి అని లీకు టెస్టు కూడా చేశారు, నాకు బాగా నచ్చింది ఇదే. లోపల మంచం మీద, గట్టు మీద, నేల మీద పాత న్యూస్ పేపర్లు పరిచారు. పైన రూఫ్ మీద, కిటికీల అంచుల మీద పైపుతో అరగంట పైనే నీళ్ళు పట్టించారు. తర్వాత లోపలికి వెళ్ళి చూస్తే మంచం తలవైపు పేపర్ మీద అరచెయ్యంత తడి మరక. కిటికీ కింద ఒక స్క్రూ తీసి చూపించారు, దాని మొన తుప్పు పట్టి గోధుమరంగు చెమ్మతో వచ్చింది. రూపాయి బిళ్ళతో గోడ మీద కొట్టుకుంటూ పోతే మంచిగా ఉన్న చోట గట్టిగా టక్ టక్ అంటోంది, కిటికీ కింద మాత్రం గుల్లగా డబ్ డబ్ అంటోంది, అంటే పైన ఫైబర్ షీటు, లోపల ఫోము విడిపోయాయి. బయట నుంచి చూస్తే మెరుస్తూ ఉంది, పుట్టీ పట్టి పెయింటు కొట్టారు. మన కోస్తా గాలికి లోపల చెమ్మ చేరితే ఆరదు, బూజు పడుతుంది, ప్లైవుడ్డు పుచ్చిపోతుంది, బాగుచెయ్యాలంటే ప్యానెల్ మొత్తం మార్చాలి.

తర్వాత షెడ్డు వాళ్ళ దగ్గర కమిషన్ మీద ఉన్న ఇంకో వీ-క్రాస్ చూశాం, బీఎస్6, 1.9 లీటర్ ఇంజిన్, 163 హార్స్ పవర్, తెలంగాణ రిజిస్ట్రేషన్. పైన పాప్-అప్ రూఫ్, అంటే ఆగినప్పుడు పైకి లేపుకునేది, పక్కలు క్యాన్వాస్. బాత్రూము లేదు, 50 లీటర్ల ట్యాంకు, లిథియం బ్యాటరీ, ఒక బర్నర్ పొయ్యి. ఫొటోలో మొదటి బండి పక్కన పెడితే ఎవరూ దీని వైపు చూడరు. కానీ నీళ్ళు నింపి, మేం ఇద్దరం ఎక్కి, సామాను వేసి తూచినా ఆర్సీ లెక్కలోపలే ఉంది. బాక్స్‌ని చాసిస్‌కి గట్టిగా బిగించెయ్యకుండా మూడు పాయింట్ల మీద, కొంచెం కదిలేలా కూర్చోబెట్టారు, గుంతల్లో చాసిస్ మెలిదిరిగితే ఆ మెలిక గోడలకి పోకుండా ఉంటుందట. యూనిమాగ్‌ల మీద కట్టే పెద్ద కంపెనీలు చేసేది కూడా ఇదే పద్ధతి అని తర్వాత చదివాను. క్యాన్వాస్ మడతల్లో కాస్త బూజు ఉంది, రూఫ్ లేపే గ్యాస్ షాకుల్లో ఒకటి వీకుగా ఉంది, ఈ రెండూ మేం అడక్కముందే వాళ్ళే చూపించి షాకు మార్చి ఇచ్చారు. చివరికి మేం కొన్నది ఈ బండే.

ఏసీ గురించి మాత్రం అందరూ అడుగుతారు కాబట్టి చెప్తాను. మే నెలలో బెజవాడ ఎండ తెలిసిందే, రాత్రి కూడా గాలి ఆడదు. 12 వోల్టులు 200 యాంపియర్ అవర్ లిథియం బ్యాటరీ అంటే సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు, ఒక టన్ను ఏసీ గంటకి దగ్గర దగ్గర ఒక యూనిట్ లాగేస్తుంది, తెల్లార్లూ నడుస్తుంది అని ఎవరైనా చెప్తే పక్కన ప్లగ్గు ఉంటేనే అని అర్థం చేసుకోండి. మాదాంట్లో ఏసీ లేదు, రూఫ్ ఫ్యాను ఉంది, మారేడుమిల్లి, లంబసింగి వైపు వెళ్తే అసలు అవసరం పడలేదు, సూర్యలంకలో మాత్రం ఉక్కపోతకి ఇబ్బంది పడ్డాం. లడఖ్ ఆలోచన ఉన్నవాళ్ళు లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ పెట్టకూడదు అనేది కూడా గుర్తుపెట్టుకోవాలి, బ్యాటరీ లోపల వేడిచేసే ఏర్పాటు ఉందో లేదో అడగండి. గ్యాస్ డిటెక్టరు నేలకి దగ్గరగా ఉందా లేదా చూడండి, మన వంటగ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే కిందికే దిగుతుంది. గుంటూరు బండిలో దాన్ని సీలింగ్‌కి బిగించారు.

కాగితాల సంగతి అన్నిటికన్నా పెద్దది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్చడానికి లేదు, చట్టం ఒప్పుకునే మార్పు ఏదైనా సరే ఆర్సీలో ఎక్కాలి. ఆర్సీలో పికప్ అని ఉండి పైన ఇల్లు కట్టి ఉంటే ఆర్టీవో వాళ్ళు ఆపినప్పుడు ఒక గొడవ, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ దగ్గర పెట్టేది ఇంకో గొడవ. వాహన్‌లో (బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలు ఉండే ప్రభుత్వ సైట్) క్యాంపర్ వ్యాన్ అని వేరే క్లాసే ఉంది, ఎక్కిందో లేదో నంబర్ కొట్టి చూసుకోవచ్చు, ఫైనాన్స్ ఉందా లేదా కూడా అక్కడే తెలుస్తుంది, చలాన్లు మాత్రం ఈ-చలాన్ సైట్‌లో చూసుకోవాలి. మాది ఆర్సీలో సరిగ్గా ఎక్కి ఉంది, అందుకే అడిగిన రేటులో పెద్దగా బేరం ఆడలేదు. వేరే రాష్ట్రం బండి కాబట్టి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (పాత ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం), 29, 30 మీద ట్రాన్స్‌ఫర్, మళ్ళీ ఇక్కడ లైఫ్ టాక్స్. ఈ టాక్స్ ఎంత పడుతుందో ముందే లెక్క కట్టించుకుని అది రేటులోంచి తీసేసి మాట్లాడాలి, ఎందుకంటే చిన్న మొత్తం కాదు.

ఇంకోటి, మన ఊరికి సంబంధించింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్ని బండ్లు మునిగాయో మనందరికీ తెలుసు. వాటిల్లో కొన్ని కడిగి, పాలిష్ పట్టి, మళ్ళీ మార్కెట్లోకి వచ్చాయి. ఆ వరదకి ముందు నుంచీ బెజవాడలో ఉన్న బండి ఏది కొన్నా సీటు కింద పట్టాలు, వైరింగ్ సాకెట్ల లోపల, నీళ్ళ ట్యాంకు వెనక మూలలు చూడమంటారు మేస్త్రి గారు, పైన ఎంత కడిగినా ఆ సన్న ఒండ్రు అక్కడ ఉండిపోతుంది. క్యాంపర్‌లో మామూలు కారు కన్నా వైరింగ్ రెట్టింపు కాబట్టి మునిగిన బండి అయితే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

ఇప్పుడు షెడ్డు మీద నా కంప్లైంట్లు. బాడీ, చాసిస్ పనిలో వాళ్ళకి తిరుగులేదు గానీ ఎలక్ట్రికల్ మనిషి వాళ్ళ దగ్గర లేడు, బయట నుంచి పిలిపిస్తారు, ఆయన వచ్చేదాకా మనం కూర్చోవాలి, సోలార్ కంట్రోలరు సెట్టింగ్ గురించి అడిగితే ఆయనకీ పూర్తిగా తెలియలేదు, నేనే మాన్యువల్ చూసి పెట్టుకున్నాను. రెండోది, ట్రాన్స్‌ఫర్ పని చూసే ఏజెంటు ఫోన్ ఎత్తడు. ఎన్‌ఓసీ రావడానికి టైం పడుతుందని ఎవరికైనా తెలుసు, కానీ ఎక్కడ ఆగిందో చెప్పాలి కదా, డబ్బు కట్టిన మనిషి వెంటపడి తిరగాల్సిన అవసరం ఏంటి. ఈ విషయం వాళ్ళ మొహం మీదే చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. మూడోది, చెక్ చేసినదంతా నోటి మాటే, రాసివ్వరు. కాటా చీటీ ఒక్కటే చేతికొస్తుంది. ఫొటోలతో ఒక పేజీ రిపోర్టు ఇస్తే ఇంకో వెయ్యి ఎక్కువ ఇవ్వడానికైనా నేను రెడీ.

అమ్మేవాళ్ళకి కూడా పనికొచ్చేది ఒకటి చెప్తాను, మా బావగారు తన ట్రావెలర్ క్యాంపర్‌ని వీళ్ళ దగ్గరే పెట్టి అమ్మారు. లోపల పెట్టిన ఖర్చు తిరిగి రాదు, కొనేవాళ్ళు చాసిస్‌కి రేటు కట్టి లోపలి ఫర్నిచర్‌కి ఏదో కొంచెం కలుపుతారు అంతే. కానీ ఆయన దగ్గర బాడీ కట్టేటప్పుడు గోడల లోపల వైరు ఎటు పోయిందో, పైపు ఎటు పోయిందో తీసిన ఫొటోలు, బ్యాటరీ బిల్లు, సీలెంట్ మళ్ళీ పట్టించిన బిల్లు అన్నీ ఫైల్లో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చినాయన ఆ ఫైలు పేజీ పేజీ తిప్పి చూసి, వేరే చోట తక్కువకి దొరికే బండి వదులుకుని దీన్ని తీసుకెళ్ళాడు. కమిషన్ ఎంతో ముందే పేపర్ మీద రాయించుకోండి, బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలో, ట్రయల్‌కి తీసుకెళ్ళినప్పుడు గీత పడితే ఎవరిదో కూడా అందులోనే రాయించుకోండి, అడిగితే రాసిస్తారు, అడక్కపోతే ఆ మాటే ఎత్తరు. వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం దాటితే పెద్ద మేస్త్రి గారు వేరే పనుల మీద బయటికి వెళ్ళిపోతారు, ఆదివారం షెడ్డు తియ్యరు.