పగిలిన లాప్‌టాప్‌కి సెకండ్ హ్యాండ్ మానిటర్: మూడు నెలలు వాడినాక

మా అబ్బోడు కీబోర్డు మీద పెన్ను మర్చిపోయి లాప్‌టాప్ మూత టప్పుమని మూసేసినాడు, మళ్లీ తెరిస్తే మధ్యలో సిరా ఒలికినట్టు నల్లమచ్చ, కుడిపక్కంతా రంగురంగుల గీతలు. లోపల అంతా బాగానే ఉంది, ఆన్ అయితా ఉంది, సౌండు వస్తా ఉంది, కళ్లే పోయినాయి పాపం. స్క్రీన్ ప్యానెల్ మార్చాలంటే తొమ్మిదిన్నర వేలు అన్నారు. ఆరేళ్ల పాతదానికి అంత పెట్టబుద్ధి కాలేదు.

మద్రాసు రిచీ స్ట్రీట్‌లో చీప్‌గా దొరకతాయని ఫ్రెండ్ చెప్పినాడు గానీ సప్తగిరి రైల్లో ఒళ్లో మానిటర్ పెట్టుకుని తిరుపతికి రావడం నావల్ల కాదు, అందుకే ఇక్కడే గాంధీ రోడ్డు పక్క సందులో ఒక చిన్న షాపులో 3,800కి 22 ఇంచుల సెకండ్ హ్యాండ్ మానిటర్ తీసుకున్నా. ఒక్క మాట చెప్తా, మీ లాప్‌టాప్‌ని కూడా షాపుకి మోసుకుపోండి. అక్కడే తగిలించి, స్క్రీనంతా తెల్లగా ఒకసారి, నల్లగా ఒకసారి పెట్టి చూసుకుంటేనే మచ్చలు బయటపడతాయి. నాదాంట్లో ఎడమ మూల కింద ఒక చుక్క పోయి ఉంది, దానికి 200 తగ్గించి ఈ రేటుకి ఇచ్చినాడు.

తగిలించంగానే మౌస్ మాయం! పగిలిన స్క్రీన్‌ని కూడా ఒక స్క్రీన్ అనుకుని అది అక్కడికి పోతా ఉంది, ఏ ఫైల్ తెరిచినా ఆ గీతల వెనకాలే దాక్కుంటా ఉంది. విండోస్ కీ పట్టుకుని పి నొక్కితే వచ్చే లిస్టులో ఆఖర్న ఉండే సెకండ్ స్క్రీన్ ఓన్లీ పెట్టినాకే దారికొచ్చింది. ఇంకోటి, కేబుల్ పెట్టంగానే సౌండు కూడా మానిటర్‌కి పోతుంది, దానికేమో స్పీకర్లు లేవు. నేను అరగంట లాప్‌టాప్ స్పీకర్లు కూడా పోయినాయేమోనని ఏడ్చినా, తీరా చూస్తే కింద సౌండు బొమ్మ మీద నొక్కి లాప్‌టాప్ స్పీకర్ ఎంచుకుంటే చాలు.

మూత మూసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, నేనూ మార్చినా. కానీ నా లాప్‌టాప్‌కి వేడిగాలి పోయే సందు మూత మడతలోనే ఉంది, మన తిరుపతి మే నెల ఎండకి మూసి పెడితే ఫ్యాను గుయ్యిమని మోత. అందుకని తెరిచే పెడతా ఉండా, పగులు కనపడకుండా పోయినేడాది టీటీడీ క్యాలెండర్ నుంచి స్వామి బొమ్మ కత్తిరించి అంటించినా. ఎట్లాగూ పాడైంది కదా, ఆ స్క్రీన్ ఊడబెరికేయమని కొందరంటారు, వద్దు, కెమెరా అందులోనే ఉంది, చాలా లాప్‌టాప్‌లకి వైఫై యాంటెన్నా వైర్లు కూడా ఆ మూతలోనే ఉంటాయి. కెమెరా పక్కనుంచి చూస్తా ఉంటుంది కాబట్టి వీడియో కాల్‌లో నేను ఎవరో ఇంకొకరితో మాట్లాడతా ఉన్నట్టు కనిపిస్తానంట, అది భరించాల్సిందే.

మానిటర్ సంగతికొస్తే, అక్షరాలు బ్రహ్మాండం. పాత స్క్రీన్ 1366×768 చుక్కలు, ఇది 1920×1080, ఎక్సెల్‌లో పక్కకి జరపకుండానే జాస్తి కాలమ్స్ కనిపిస్తా ఉన్నాయి, అకౌంట్స్ పనికి ఇంతకంటే ఏం కావాల. పక్కనుంచి చూస్తే రంగులు పాలిపోతాయి, సినిమాకైతే వద్దు. స్టాండు ఎత్తు పెరగదు, కింద రెండు పాత గ్రూప్-2 పుస్తకాలు పెట్టినా, అవి ఇప్పటికి పనికొచ్చినాయి.

అసలు ఇబ్బంది కరెంటు. 20వ తారీఖు, జీఎస్టీ 3బి రిటర్న్ ఫైల్ చేస్తా ఉంటే కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ మీద హాయిగా నడుస్తా ఉంది, మానిటర్ మాత్రం నల్లగా. నేను స్వామి బొమ్మ వైపు చూస్తా చీకట్లో సేవ్ అయితే చాలని కంట్రోల్ ఎస్ నొక్కుతా కూర్చున్నా. మా ఇంట్లో ఇన్వర్టర్ లైను హాల్లో ఒక్క ప్లగ్గుకే ఉంది, కాబట్టి ఇప్పుడు నా ఆఫీసు అక్కడికి మారింది, మా అత్త సీరియల్ పక్కన. ఊరికి పోతే పని చేసుకునేది కూడా ఇంక లేదు, ఇది లాప్‌టాప్ పేరుతో ఉండే డెస్క్‌టాప్ అంతే. ఒకేచోట కూర్చునే వాళ్లయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

నాలుగు స్టార్లు. ఆ చుక్క లేకుంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.