పాస్కల్ కంపైలర్‌లో క్లోజర్లు: జంట పాయింటరా, హీప్ ఫ్రేమా?

బెంగళూరులో ఆఫీసు అయ్యాక సొంత పాస్కల్ కంపైలర్ ముందు కూర్చునే మనవాళ్లకు, నెస్టెడ్ ప్రొసీజర్ల (ఒక ప్రొసీజర్ లోపల రాసినవి) దగ్గర రెండు దారులు. అలాంటి లోపలి ప్రొసీజర్, అది వాడుకునే బయటి వేరియబుల్స్ కలిస్తే క్లోజర్; ఆ వేరియబుల్స్ క్యాప్చర్ అయ్యాయంటాం. ఒకటి, కోడ్ అడ్రస్‌కు స్టాటిక్ లింక్ (బయటి ప్రొసీజర్ ఫ్రేమ్‌ను, అంటే స్టాక్ మీద దాని వేరియబుల్స్ ఉండే చోటును చూపే పాయింటర్) జోడించిన జంట పాయింటర్. రెండోది, క్యాప్చర్ అయిన వేరియబుల్స్‌ను హీప్‌లో, అంటే ప్రొసీజర్ ముగిసినా నిలిచే మెమరీలో పెట్టడం.

ఐఎస్‌ఓ 7185 (ప్రామాణిక) పాస్కల్ వరకే అయితే జంట చాలు. అందులో ప్రొసీజర్‌ను పారామీటర్‌గా పంపొచ్చు గానీ వేరియబుల్‌లో దాచలేం. కాబట్టి బయటి ఫ్రేమ్ బతికుండగానే లోపలిది నడుస్తుంది. 64 బిట్ మెషీన్ మీద ఖర్చు 16 బైట్లే. అదీ దండగని ట్రాంపొలీన్ (స్టాటిక్ లింక్ అందించి అసలు ప్రొసీజర్‌కు దూకే చిన్న కోడ్ ముక్క) జోలికి వెళ్తే స్టాక్ మీద కోడ్ రాయాలి. స్టాక్‌కు ఎగ్జిక్యూట్ అనుమతి లేని చోట తొలి కాల్‌కే సెగ్‌ఫాల్ట్, అంటే అనుమతి లేని మెమరీ వాడినందుకు ప్రోగ్రాం ఆగిపోతుంది.

డెల్ఫీ 2009లో వచ్చిన ‘రిఫరెన్స్ టు’ (క్లోజర్‌ను వేరియబుల్‌లో దాచనిచ్చే టైప్) లాంటిది కావాలంటే జంట పనికిరాదు. ప్రొసీజర్ ముగిశాక దాని స్టాటిక్ లింక్ వాడటం, వైట్‌ఫీల్డ్‌లో పీజీ ఖాళీ చేసినవాడి గదికి పార్సిల్ పంపడమే. పైగా ఆ స్టాక్ చోటును ఇంకో కాల్ తొక్కేదాకా జవాబు సరిగ్గానే వస్తుంది, చిన్న టెస్టులన్నీ పాసవుతాయి.

హీప్ దారిలో క్యాప్చర్ అయిన వేరియబుల్స్‌ను మాత్రమే రిఫరెన్స్ కౌంట్ (ఎన్ని చోట్ల వాడుతున్నారనే లెక్క; సున్నా అయితే మెమరీ విడుదల) ఉన్న ఆబ్జెక్ట్‌లోకి మార్చాలి. బయటి ప్రొసీజర్ కూడా వాటిని అక్కడే చదవాలి, రాయాలి. కాపీ ఇస్తే విలువలు విడిపోతాయి. సోర్స్‌ను ఒక్కసారే చదువుతూ కోడ్ రాసే వన్-పాస్ కంపైలర్‌కు అసలు దెబ్బ ఇక్కడే: క్లోజర్ కనబడేసరికి పై లైన్లకు స్టాక్ ఆఫ్‌సెట్లతో కోడ్ వెళ్లిపోయి ఉంటుంది. ప్రొసీజర్ మొత్తానికి ట్రీ కట్టి, ఆ తర్వాతే కోడ్ రాయించాలి. వర్ పారామీటర్‌ను క్యాప్చర్ చేయనివ్వొద్దు, అది చూపేది కాలర్ స్టాక్‌నే కావచ్చు. డెల్ఫీ కూడా ఒప్పుకోదు. లూప్‌లో పుట్టిన క్లోజర్లన్నీ ఒకే లూప్ వేరియబుల్‌ను చూస్తాయి. క్లోజర్‌ను అది క్యాప్చర్ చేసిన వేరియబుల్‌లోనే పెడితే కౌంట్ సున్నాకు రాదు, మెమరీ లీకవుతుంది.

లోకల్ టైపులు (ప్రొసీజర్ లోపల ప్రకటించినవి) ఇంత సతాయించవు. సైజు కంపైల్ టైమ్‌లోనే తెలుసు కాబట్టి టైప్ సమాచారాన్ని గ్లోబల్‌గా ఉంచి, పేరుకు ప్రొసీజర్ పేర్ల వరస తగిలిస్తే సరి. లేకపోతే రెండు ప్రొసీజర్లలో టీనోడ్ అనే ఒకే పేరున్న టైపులు లింకర్ దగ్గర ఢీకొంటాయి. టీనోడ్‌ను చూపే పాయింటర్ టైప్ ఎదురైన వెంటనే బయటి టీనోడ్‌కు కట్టేయకండి. అదే టైప్ సెక్షన్‌లో కింద ఇంకో టీనోడ్ ఉండొచ్చు. సెక్షన్ ముగిశాకే తేల్చాలి.

మా ఓటు రెండింటికీ, కానీ వేర్వేరు టైపులుగా. ఫ్రీ పాస్కల్‌లో ‘ఈజ్ నెస్టెడ్’ (జంట పాయింటర్ టైప్), ‘రిఫరెన్స్ టు’ విడివిడిగా ఉన్నది అందుకే పనికొస్తుంది. జంట పాయింటర్ విలువను రిఫరెన్స్‌కు అసైన్ చేస్తే మాత్రం కంపైల్ ఎర్రర్ ఇచ్చి తీరాలి.