ఒకే ముగింపు తేదీనా, చేరిన రోజు నుంచి లెక్కా?

డెల్టా రైతులకు సలహాలిచ్చే వెబ్‌సైట్‌లో సభ్యత్వ గడువు పెట్టేందుకు ఈ రెండు దారులున్నాయి. వరి రైతుల సభ్యత్వానికి ఒకే తేదీ మేలు. కాలువలకు నీరు వదలడం, ఆపడం అందరికీ కలిసే జరుగుతాయి కనుక సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) గడువులు చక్కగా కుదురుతాయి. నడుమ చేరినవారికి మాత్రం రుసుము తగ్గించాలి, లేకపోతే అన్యాయం.

భీమవరం వైపు రొయ్యల చెరువుల సంగతి వేరు. వనామీ రకం రొయ్యల పంటకు సుమారు 3 నుంచి 4 నెలలు పడుతుంది. రొయ్య పిల్లను ఒక్కొక్కరు ఒక్కో రోజు వదులుతారు. చేరిన రోజు నుంచి 120 రోజులు ఇవ్వడమే సరి. వ్యాధి భయం వెంటాడే వేళ, పట్టుబడికి ముందు, వెబ్‌సైట్‌లోకి ప్రవేశం ఆగిపోకూడదు. ముందుగా పునరుద్ధరించినవారికి మిగిలిన రోజులు కొత్త గడువులో కలవాలి.

ఏది ఎంచుకున్నా సమయ మండలం చూసుకోండి: యుటిసి (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం అర్ధరాత్రి అంటే మనకు తెల్లవారి 5:30.