ఎర్రమల కొండల్లో గేర్ సైకిల్: బనగానపల్లె నుంచి గండికోట దాకా

ఎర్రమల కొండల్లో సైకిల్ తొక్కాలని ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు అడిగేది సైకిల్ గురించే. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని గేర్లుండాలి, ముందు సస్పెన్షన్ ఒక్కటి చాలా అని. నేను మాత్రం నీళ్ళ సంగతి, నేల సంగతి ముందు చూసుకోమంటాను. ఆ రెండూ తేలాక ఏ సైకిలైనా పర్వాలేదు. అవి తేలకపోతే లక్ష రూపాయల సైకిల్‌నైనా భుజాన మోసుకుని రావాల్సిందే.

మేం ఎంచుకున్న దారి బనగానపల్లె, యాగంటి, అవుకు, బెలుం, గండికోట. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక ఇందులో గండికోట ఒక్కటే కడప జిల్లాది, మిగిలినవన్నీ నంద్యాల జిల్లాలోకి వెళ్ళాయి. మా వాడుకలో మాత్రం అదంతా ఇప్పటికీ కర్నూలు జిల్లానే. ఈ దారికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో పూర్తయింది. బనగానపల్లెలో దిగి తొక్కడం మొదలుపెట్టి, జమ్మలమడుగులో అదే లైనులో రైలెక్కి వెనక్కి రావచ్చు. తిరుగు ప్రయాణానికి కారు పంపించమని ఎవర్నీ బతిమాలే పని లేదు.

ప్లాన్ వేసేటప్పుడు మా బామ్మర్ది అమెరికాలోని ఒక దారి గురించి చదివి చెప్పాడు. నార్త్ డకోటా రాష్ట్రంలో బ్యాడ్‌ల్యాండ్స్ అనే కోసుకుపోయిన బీడు కొండల్లో మా డా హే అనే ట్రైల్ ఉంది. 144 మైళ్ళు, అంటే దాదాపు 230 కిలోమీటర్లు. మధ్యలో నీళ్ళు దొరకవు కాబట్టి దారి పక్కన అక్కడక్కడా పెట్టెలు పెట్టారు. తొక్కేవాళ్ళు ముందే వెళ్ళి వాటిలో నీళ్ళ డబ్బాలు దాచుకుంటారు. వాన పడితే మాత్రం ఆ దారి జోలికి పోరు. అక్కడి బెంటోనైట్ మట్టి తడిస్తే చక్రానికీ ఫ్రేముకీ మధ్య పట్టేసి చక్రం తిరగదు. ఇది విన్నప్పుడు నాకు మన నల్లరేగడే కళ్ళ ముందు మెదిలింది. రెండింట్లోనూ నీళ్ళు తాగి ఉబ్బే బంకమట్టి ఒక జాతిదే, మాంట్‌మోరిల్లొనైట్. కాబట్టి వాళ్ళ పద్ధతి మనకూ పనికొస్తుందనుకున్నాం. అక్షరాలా పనికొచ్చింది.

బయల్దేరే ముందు రోజు మోటారు సైకిల్ మీద దారంతా ఒకసారి తిరిగొచ్చాం. కొలిమిగుండ్ల దాటాక ఒక పల్లెలో కిరాణా కొట్టు పెద్దమ్మ దగ్గర రెండు ఐదు లీటర్ల డబ్బాలు పెట్టి, డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "నీళ్ళకు దుడ్లేంది నాయనా, ఆడ పెట్టిపోండి, నేను చూసుకుంటా" అంది. అక్కడే కూర్చున్న గొర్రెల కాపరిని కొండ పక్క బండిదారి గురించి అడిగాను. ఆయన చెప్పింది ఏ మ్యాపులోనూ దొరకదు. "ఎండుంటే పోవచ్చు సామీ. వాన పడిందంటే ఆ దావలో ఎద్దులే పోవు, మీ సైకిలేం పోతాది. రెండు దినాలు ఎండ కాసినాంక రాండి." ఈ దారి తొక్కాలనుకునే ప్రతి ఒక్కరూ ఈ మాట రాసిపెట్టుకోవాలి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరుల్లో ఉంటాయి. అందుకని డిసెంబరు, జనవరి నెలలే మేలు. మార్చి దాటితే ఉదయం పదికే తల మాడిపోతుంది.

మేం ఒక్కొక్కరం వీపు సంచిలోనూ సీసాల్లోనూ కలిపి ఐదు లీటర్లు మోశాం. ఆ బరువుకు మొదట్లో నడుం పట్టేసింది గానీ మధ్యాహ్నానికి ఒక్క చుక్క కూడా ఎక్కువనిపించలేదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బెల్లం వేసిన బుడ్డల (వేరుశనగ) ఉండలు దగ్గరుంటే చాలు, ఖరీదైన ఎనర్జీ జెల్‌లు అక్కర్లేదు.

ఇక ముళ్ళు. కంపచెట్ల ముల్లు పొడుగ్గా ఉంటుంది, కనిపిస్తుంది, తప్పించుకోవచ్చు. అసలు శత్రువు పల్లేరుకాయ. నేలబారున పాకే తీగ, పసుప్పచ్చటి చిన్న పువ్వు. కాయ ఎండిందంటే ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. అవుకు దారిలో చెరువు గట్టు పక్కన ఆగి చూసుకుంటే నా ముందు టైరుకే ఐదారు గుచ్చుకుని ఉన్నాయి. ఒకటి పీకగానే సన్నగా బుస్సుమంది. ఆ రంధ్రం లోంచి తెల్లటి సీలెంట్, అంటే రంధ్రాలు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం, బుడగలా వచ్చి, రెండు చుట్లు తిప్పేలోపు గట్టిపడి ఆగిపోయింది. ట్యూబ్‌లెస్ టైర్లు, లోపల తాజా సీలెంట్ లేకుండా ఈ దారికి రావద్దని గట్టిగా చెబుతాను. మాతో వచ్చిన మూడో అతను మామూలు ట్యూబులతో వచ్చాడు. పాపం, తొక్కిన సమయమెంతో అతికించిన సమయమూ అంతే.

పంక్చర్ షాపుల సంగతి కూడా తెలుసుకోండి. పెద్ద ఊళ్ళన్నిటిలో టూవీలర్ షాపులున్నాయి, మనుషులు మంచివాళ్ళు, గాలి కొట్టి చాలాసార్లు డబ్బు కూడా తీసుకోరు. కానీ గేర్ సైకిళ్ళకుండే సన్న మూతి వాల్వుకు వాళ్ళ కంప్రెసర్ గొట్టం పట్టదు. ఇరవై, ముప్పై రూపాయలకు దొరికే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకు బిగించుకుంటే పనైపోతుంది. ఒకటి పోయినా ఇబ్బంది లేకుండా రెండు తెచ్చుకోండి. చెయిన్ లింకు, వెనక గేరు తగిలించే హ్యాంగర్ లాంటివి బెంగళూరు, హైదరాబాద్ దాటితే దొరకడం కష్టం. అద్దెకు మంచి గేర్ సైకిల్ కూడా ఈ దారిలో మాకెక్కడా కనబడలేదు, సొంతది తెచ్చుకోవాల్సిందే.

బనగానపల్లె నుంచి యాగంటి వైపు సాగే జుర్రేరు లోయ ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క. జ్వాలాపురం ఇక్కడే ఉంది. దాదాపు 74 వేల ఏళ్ళ కిందట ఇండోనేషియా సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద ఇక్కడిదాకా వచ్చి పడింది. ఎర్రమట్టి పొరల మధ్య తెల్లగా, మనిషి ఎత్తుకు తగ్గకుండా ఆ బూడిద పొర కనిపించే చోట్లున్నాయి. చేత్తో ముట్టుకుంటే ముఖానికి పూసుకునే పౌడరు కన్నా మెత్తగా ఉంటుంది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా అనే పురాతత్వవేత్తల బృందం ఇక్కడ తవ్వకాలు జరిపింది. ఆ బూడిదకు పైనా కిందా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అంత పెద్ద ఉత్పాతానికి ముందూ తర్వాతా ఈ లోయలో మనుషులు బతికారన్నమాట. ఇంతటి చోటికి దారి చూపే బోర్డు కూడా మాకు కనబడకపోవడం నిజంగా బాధ కలిగించింది. పాత్రలు తోమే పొడి కోసం ఈ బూడిదను తవ్వుకుపోయారు, ఆ గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. దయచేసి ఆ గట్ల మీద సైకిల్ ఎక్కించకండి. మెత్తటి పొర, ఒక్క టైరు జారితే ముద్దలు ముద్దలుగా రాలుతుంది. కింద బండిదారి చక్కగా ఉంది, అక్కడ తొక్కి, గట్టు దగ్గర దిగి చూడండి.

ఆ రాత్రి యాగంటిలో ఉన్నాం. టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది, దేవస్థానం గదులూ ఉన్నాయి. మేం దేవస్థానం గదే తీసుకున్నాం. మంచం, ఫ్యాను, బకెట్టు, అంతే. శుభ్రంగా ఉంది, సైకిళ్ళు లోపల పెట్టుకోనిచ్చారు, మాకు కావలసిందీ అదే. తెల్లారుజామున కొండలోంచి వచ్చే నీళ్ళు పుష్కరిణిలో పడే చోట స్నానం చేస్తే ముందు రోజు అలసట మొత్తం దిగిపోయింది. కార్తీక మాసంలోనూ శివరాత్రికీ గది దొరకదు, ఆ రోజులు వదిలేయండి. పొద్దున గుడి బయట తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మధ్యాహ్నం దాకా ఆకలి వేయనివ్వలేదు.

అవుకు రిజర్వాయరు దాకా దారి హాయిగా ఉంటుంది. గట్టు మీద గాలికి కాసేపు కూర్చోవచ్చు. అక్కడి నుంచి కొలిమిగుండ్ల వైపు మాత్రం తొక్కొద్దనే చెబుతాను. నాపరాళ్ళ గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. లారీ వెనక లారీ. రోడ్డు పక్కన చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి, ఆ దుమ్మంతా మన ఊపిరితిత్తుల్లోకే. మేం సైకిళ్ళను ట్రాలీ ఆటోలో వేసుకున్నాం. మాట్లాడుకున్న దానికి దిగేటప్పుడు ఐదు వందలు ఎక్కువ అడిగాడు. ఎక్కేముందే సైకిళ్ళతో కలిపి రేటు తేల్చుకుని, వీలైతే సగం ముందే ఇచ్చేయండి. అయినా ఆ దారి తొక్కనందుకు నాకు చింత లేదు.

బెలుం గుహల గురించి చాలామంది రాశారు కాబట్టి సైకిల్ వాళ్ళకు పనికొచ్చేదే చెబుతాను. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేసిన గుహలు ఇవి. 1980ల మొదట్లో జర్మన్ బృందం లోపల తిరిగి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని వెళ్ళనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. లోపల చల్లగా ఉంటుందనుకుంటాం గానీ ఉక్కపోత విపరీతం. ఎండలో తొక్కి, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి ఉన్నప్పుడు నేరుగా లోపలికి దిగితే కళ్ళు తిరుగుతాయి. ఒక గంట నీడన కూర్చుని, మజ్జిగ తాగి, అప్పుడు వెళ్ళండి. గుహ అడుగున ఉన్న పాతాళగంగ దాకా వెళ్ళి పైకి వచ్చేసరికి చొక్కా పిండుకోవచ్చు. సైకిళ్ళు టికెట్ కౌంటరు దగ్గర వాచ్‌మన్‌కు అప్పగించాం, బయటికొచ్చేదాకా వాటి పక్క నుంచి కదల్లేదు ఆయన. బస విషయంలో బెలుం పర్వాలేదు, అంతే. డార్మిటరీలో పడుకోవచ్చు గానీ రాత్రి ఎనిమిది దాటితే తినడానికేమీ ఉండదు, ముందే చెప్పి వండించుకోవాలి.

బెలుం నుంచి గండికోట రోడ్డు మీద అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. సిమెంటు లారీల జోరు తగ్గాక మేం మైలవరం మండలం వైపు పొలాల బండిదారులు పట్టుకున్నాం. ఆఫ్‌లైన్ మ్యాపు ఫోన్‌లో దించుకుని పెట్టుకోవడం తప్పనిసరి, చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. రేగడి పొలాల్లో నెర్రెలు ఇచ్చిన చోట ముందు చక్రం దూరితే మనిషి ఎగిరి పడతాడు, కాబట్టి బండి జాడలోనే తొక్కాలి. పెద్దమ్మ దగ్గర పెట్టిన డబ్బాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆమె వాటి మీద తడి గోనెసంచి కప్పి పెట్టింది, నీళ్ళు కుండలోవిలా చల్లగా ఉన్నాయి. మందల దగ్గర కుక్కలు వెంటపడతాయి. పరిగెత్తించకుండా దిగి, సైకిల్ అడ్డం పెట్టుకుని నిలబడితే కాపరి పిలిచేలోపు ఆగిపోతాయి.

గండికోట లోయను పెన్నానది ఎర్రమల కొండల్ని కోసుకుని చేసింది. కింద కనిపించే నీళ్ళు మైలవరం రిజర్వాయరు వెనక నీళ్ళు. అంచు బండల మీద సైకిల్ తొక్కే వీడియోలు చూసి వచ్చేవాళ్ళున్నారు. నేను చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను, అంచున వద్దు. బండ రాయి పైన సన్నటి ఇసుక ఉంటుంది, బ్రేకు పట్టదు, కంచె లేదు. కోట లోపల జామా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి మధ్యనున్న దారుల్లో నెమ్మదిగా నడిపించుకుని వెళ్తే చాలు. తొక్కే ఆనందమంతా కోట బయట, కొండ మీది ఎర్రటి గులకరాళ్ళ దారుల్లో ఉంది. అక్కడ నా సైకిల్‌కున్న 2.2 అంగుళాల టైరు హాయిగా పట్టుకుంది.

బస హరిత హోటల్‌లోనే. గదులు పాతబడినా తలుపు తీస్తే కొండ గాలి, భోజనం వేడిగా పెట్టారు. వారాంతంలో గది ముందే బుక్ చేసుకోవాలి. టెంట్లలో ఉందామని మా బామ్మర్దికి ఆశ. ఒక రాత్రి ఉన్నాం. శనివారం కావడంతో అర్ధరాత్రి ఒంటిగంట దాకా స్పీకర్ల మోత, పొద్దున చూస్తే బండల మధ్య ప్లాస్టిక్ గ్లాసులు, సీసా పెంకులు. సీసా పెంకుకు ఏ సీలెంటూ పనికిరాదు. టెంటు కావాలంటే మంగళవారమో బుధవారమో వెళ్ళండి, డబ్బు కట్టేముందు పాటలు ఎన్నింటికి ఆపుతారో అడగండి. ఊళ్ళో ఒక ఇంట్లో చెప్పి వండించుకున్న రాగి సంగటి, నాటుకోడి పులుసు మాత్రం ఆ టెంటు భోజనానికి పదింతలు బాగుంది, ఖర్చు సగం.

గండికోట నుంచి జమ్మలమడుగు 15 కిలోమీటర్లే, చాలావరకు దిగుడే. స్టేషన్లో ఆగే బండ్లు తక్కువ. చక్రాలు విప్పి, సైకిల్‌ను సంచిలో కట్టుకుంటే గార్డుతోనో టీసీతోనో పేచీ ఉండదు. బండి తప్పిపోతే దిగులు పడక్కర్లేదు. గండికోట నుంచి ముద్దనూరు స్టేషను 26 కిలోమీటర్లు, అది చెన్నై–ముంబై లైను. అక్కడ దొరికే రైళ్ళు ఎక్కువ, కానీ సైకిల్ పార్శిల్ చేయాలంటే పెద్ద స్టేషన్లలోనే వీలు, కాబట్టి సంచి ఎటు పోయినా వెంటే ఉండాలి.