బీచ్ పెళ్లిళ్లకు లినెన్ సూటు: కొన్నేళ్లు వాడాక

సముద్రం ఒడ్డున పెళ్లికి సూటు అనగానే అందరూ ముందు గుడ్డ గురించే అడుగుతారు. లినెనా, కాటనా, పల్చటి ఊలా అని. ఇలాంటి పెళ్లిళ్లన్నింటికీ కొన్నేళ్లుగా నేను వేసుకెళ్తున్నది ఒకే లినెన్ సూటు. ఇన్నాళ్లు వాడాక గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది: గుడ్డ కన్నా ముందు కోటు తిరగేసి, లోపల ఏముందో చూడాలి.

మామూలు కోట్లకు లోపల నిండా లైనింగు ఉంటుంది, అదీ చాలావరకు పాలిస్టరే. పైన ఎంత మంచి లినెన్ వేసినా లోపల పాలిస్టర్ కప్పేస్తే గాలి ఆడదు, చెమట ఆరదు. నా కోటుకు లైనింగు భుజాల మీద, చేతుల లోపల మాత్రమే ఉంది. వీపంతా ఒట్టి లినెనే. సముద్రం వైపు నుంచి గాలి తగిలినప్పుడు ఆ తేడా వీపుకు వెంటనే తెలుస్తుంది. చేతులకు మాత్రం లైనింగు ఉండి తీరాలి. లేకపోతే చొక్కా చేతులు లినెన్‌కు పట్టుకుని, కోటు తొడుక్కోవడమే ఒక పనవుతుంది. లైనింగు లేనప్పుడు లోపలి కుట్లన్నీ కనబడతాయి కాబట్టి ప్రతి అంచుకూ సన్నటి పట్టీ వేసి కుట్టాలి. లైనింగు తగ్గింది కదా, చవగ్గా రావాలి అనుకుంటాం కానీ, ఈ పని వల్లే రాదు.

ఛాతీ దగ్గర కోటు ఆకారం నిలవడానికి లోపల వేసే బక్రం, అంటే గట్టి గుడ్డ, సంగతి కూడా అడగండి. జిగురుతో అంటించినదైతే వేడికి, తేమకి, పదేపదే డ్రైక్లీనింగ్‌కి ఊడి, పైగుడ్డ మీద బుడగల్లా లేస్తుంది. మా అన్నయ్య కోటుకు ఎడమవైపు కాలరు మడత కింద అలాగే లేచింది, ఎంత ఇస్త్రీ చేసినా అణగలేదు. నాది కుట్టి నిలిపిన కాన్వాస్. ఇప్పటికీ చక్కగా నిలబడి ఉంది.

ఇక గుడ్డ బరువు. వేడి ప్రదేశం కదా అని చాలామంది బాగా పల్చటి లినెన్ అడుగుతారు. చదరపు మీటరుకు 150 నుంచి 180 గ్రాములుండే లినెన్ చొక్కాలకు బాగుంటుంది, కోటుకు నిలవదు. నాది 280 గ్రాముల రకం. నేత కొంచెం వదులు కాబట్టి బరువున్నా గాలి దూరుతుంది. ముడతలు దీనికీ పడతాయి, లినెన్ పీచుకు సాగే గుణం చాలా తక్కువ మరి. కానీ బరువైన గుడ్డకు పెద్దగా, మెత్తగా పడతాయి. పల్చటిదైతే కాగితం నలిపినట్టు అయిపోతుంది. ముడత కనిపిస్తేనే టెన్షన్ పడేవాళ్లు లినెన్ జోలికి వెళ్లొద్దు. దారాన్ని బాగా మెలిపెట్టి, వదులుగా నేసిన పల్చటి ఊలు తీసుకోండి. అది నలిగినా తనంతట తనే తేరుకుంటుంది, గాలీ ఆడుతుంది. ముదురు రంగు సూటే వేసుకోవాలన్న పెళ్లికైతే నేనూ అదే చెబుతాను.

చొక్కా తెల్లదే. లేత నీలం మీద చెమట మచ్చ చాలా దూరం నుంచి కనబడుతుంది. తెలుపుకు ఉన్న చిక్కల్లా సన్‌స్క్రీన్. అవోబెంజోన్ అనే రసాయనం ఉన్న క్రీము కాలరుకు అంటుకుని, ఐరన్ ఉన్న నీళ్లలో ఉతికితే తుప్పు రంగు మచ్చలు పడతాయి. క్లోరిన్ బ్లీచ్ పోస్తే ఇంకా ముదురుతాయి. నేను క్రీము రాసుకుని, అది బాగా ఇంకాకే చొక్కా వేసుకుంటాను. టై కట్టుకుంటే పిన్ను టైకి మాత్రమే కాకుండా చొక్కా గుండీల పట్టీకి కూడా కలిపి పెట్టాలి. లేదంటే గాలికి టై మొహం మీదికి వస్తుంది.

ఈ సూటులో నాకు నచ్చనిది ప్యాంటు. లోపల ఏమీ లేకపోవడంతో చెమట పట్టగానే తొడలకు అతుక్కుంటుంది, కూర్చుని లేచిన ప్రతిసారీ లాక్కోవాలి. అంచు దగ్గర మడత పెట్టి కుట్టారు, ఆ మడతలో ఇసుక చేరి గదిదాకా వస్తుంది.

డ్రైక్లీనింగ్ ద్రావకం నూనె మరకలు తీసినంత బాగా చెమట ఉప్పును తీయదు. అందుకే వచ్చిన రాత్రే కాలరు లోపలివైపు, చంకల దగ్గర తడిబట్టతో అద్ది, గాలికి ఆరేస్తాను. ఇన్నేళ్లకు కాలరు మడత లోపల కొద్దిగా పసుపు పట్టింది, అంతే. గుడ్డ మాత్రం వాడేకొద్దీ మెత్తబడి, కొత్తలో కన్నా ఇప్పుడే ఒంటికి బాగా పడుతోంది.

మళ్లీ కుట్టించుకుంటే కోటు అచ్చం ఇలాగే ఉండాలంటాను. ప్యాంటుకు ముందువైపు మోకాలిదాకా పల్చటి లైనింగు వేయించి, కింద మడత తీసేయిస్తాను.